వేంకటేశము నేర్చిన విద్య

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమునుగూర్చి తెలుగున వెలసిన విమర్శ విస్తారమైనది. గిరీశమునుగూర్చియు మధురవాణినిగూర్చియు వ్రాయని విమర్శకుడు లేడనుట అతిశయోక్తి కాదు. నాటకభాషనుగూర్చి, సంఘసంస్కరణమునుగూర్చి, 1897 నాటి ప్రథమ ముద్రణమునకును 1909 నాటి ద్వితీయ ముద్రణమునకును గల భేదములనుగూర్చి చర్చలు పెక్కు జరిగినవి. ఇందరి నడుమ వేంకటేశమను బాలుడు మాత్రము గిరీశమునకు నీడగానే నిలిచిపోయినాడు. అతడు నవ్వించుటకై కల్పింపబడినవాడనియు, గిరీశము మాటలాడుటకు ఎదుట ఒకడుండవలెను గనుక ఉన్నవాడనియు సామాన్యముగా తలచుచుందురు. ఈ తలంపు నాకు సమ్మతము కాదు. కన్యాశుల్కమున చదువను పేరుతో జరుగు వ్యవహారమంతయు ఈ బాలునిచుట్టును తిరుగుచున్నది. వానికి ఎవరెవరు ఏమి చెప్పిరో, వాడు నిజముగా ఏమి నేర్చెనో పక్కపక్కన పెట్టి చూచినచో, ఒకని నడవడిని చూచి మరియొకడు నేర్చుకొనుట యనునది ఈ నాటకమునకు ఆయువుపట్టులలో నొకటిగా కనబడును. ఇచ్చట ద్వితీయ ముద్రణమునే ఆధారముగా గ్రహించుచున్నాను. వాడుకభాషకు రంగస్థలమున ప్రాణము పోసిన నాటకమునుగూర్చి ఈ శైలిలో వ్రాయుట కొందరకు వింతగా తోచవచ్చును. అది వేరొక వివాదము.

ప్రథమాంకమున బొంకులదిబ్బకడ గురుశిష్యుల సంభాషణమును చూడుడు. వేంకటేశము పరీక్ష తప్పినాడు. తండ్రికి తెలిసినచో వీపు చిట్లునని వాని భయము. ఆ భయములో వాడు గిరీశముపై నొక అభియోగము తెచ్చును. పాఠము చెప్పుమని అడిగిన ప్రతిపర్యాయము కబుర్లతో కాలము గడచినదనియు, ఈ గురువువలన తనకు అబ్బినది చుట్ట కాల్చుట తప్ప వేరేదియు లేదనియు దాని సారాంశము. ప్రేక్షకులు నవ్వుదురు. నవ్వవలసినదే. కాని ఆ మాటలో ఒక పరీక్షాఫలము దాగియున్నది. చుట్ట కాల్చుటను గిరీశము పాఠముగా చెప్పియుండడు. ఎట్లు చుట్టవలెను, ఎట్లు పట్టవలెను, పొగ ఎట్లు వదలవలెను అను సూత్రములను వేంకటేశము వల్లించి యుండడు. అయినను ఆ విద్యయందు మాత్రము వాడు తప్పలేదు. చెప్పవలసిన పాఠములు రాలేదు, చెప్పనిది వచ్చినది.

అభియోగమునకు గిరీశము ఇచ్చు సమాధానము మరింత విచిత్రము. తనతో సంభాషించుటయే ఒక విద్య యని ఆతని వాదము. పొగాకు మాహాత్మ్యమునకు పురాణగాథను తోడుతెచ్చి పద్యము కూడ చదువును. ఇచ్చట క్రమమును గమనింపవలెను. ముందు ఆచరణము, పిదప శాస్త్రము. వేంకటేశము చుట్ట కాల్చుటకు ఆ పద్యము హేతువు కాదు. కాల్చిన పిదప మనస్సునకు శాంతి కలిగించు ఉపకరణము మాత్రమే. గిరీశముయొక్క వాగ్ధోరణిని విమర్శకులు అతని ఆయుధముగా వర్ణించిరి. శిష్యుని విషయమున అది ఆయుధము కాదు, వస్త్రము. చూచి నేర్చిన పనికి మాటలు తరువాత తొడుగబడును. ఇక సంభాషణమే విద్య యను వాదమందును, గిరీశము ఉద్దేశింపని అర్థమున, సత్యము కలదు. గిరీశముతో మాటలాడుచు తిరుగుటచే వేంకటేశము అప్పు ఎగవేయుట ఎట్లో, ఎదుటివానికి అర్థము కాని భాషతో వానిని నోరుమూయించుట ఎట్లో, చేతిలో కాసు లేకయే ఠీవిగా నడచుట ఎట్లో కన్నులార చూచుచున్నాడు. ఇంతకంటె శ్రద్ధగా సాగిన బడి ఆ పట్టణమున ఉండెనా యని నా అనుమానము.

ఈ బడిలో వేంకటేశము ఉత్తీర్ణుడైన ఘట్టము ద్వితీయాంకమున కలదు. కృష్ణరాయపుర అగ్రహారమున తల్లి వేంకమ్మ తన కొడుకు ఇంగ్లీషు మాటలాడగా వినవలెనని ముచ్చటపడును. గురుశిష్యు లిరువురును ఇంగ్లీషున సంభాషణ మారంభింతురు. గిరీశము పసిపిల్లల పద్యపు ముక్క నొకదానిని సంబోధనవలె పలుకును. వేంకటేశము వాచకములోని వాక్య మొకటి అప్పజెప్పును. గిరీశము మరియొక పద్యపాదము అందుకొనగా వేంకటేశము రేఖాగణితమును, గిరీశము మహాకావ్యారంభమును స్మరింపగా వేంకటేశము బహువచన సూత్రమును ప్రత్యుత్తరముగా విసరును. ఆ సంభాషణమున ఒక వాక్యమునకును మరియొక వాక్యమునకును సంబంధము లేదు. అయినను సంభాషణము సాగినది, తల్లి ఆనందించినది, తండ్రి అర్థమడుగగా గిరీశము సెలవులలో సాగవలసిన చదువునుగూర్చి మాటలాడుకొంటిమని చెప్పి తప్పించుకొన్నాడు.

ఈ ఘట్టమును ఆంగ్లవిద్యపై ఎగతాళిగా వ్యాఖ్యానించుట పరిపాటి. అది అట్లే యగుగాక. నాకు ముఖ్యముగా తోచునది వేంకటేశము తడబడకుండుట. ముందుగా సంకేతము లేదు, అభ్యాసము లేదు. గిరీశము మొదటి వాక్యము పలికిన తోడనే ఇది ఏ జాతి ఆటయో శిష్యుడు గ్రహించినాడు. అర్థముతో పనిలేదు, ధ్వని చాలును, మొగము గంభీరముగా నుండవలెను, ఎదుటివాని వంతు రాగానే అందిపుచ్చుకొనవలెను—ఈ నియమములను వానికి ఎవ్వరును చెప్పలేదు. అంతకు పూర్వము గిరీశము పరులతో మెలగిన తీరును చూచిచూచి వాడు సంగ్రహించినవి. పరీక్షలో తప్పినవాడు ఇచ్చట ఒక్క అక్షరము తప్పలేదు. మరియొక సంగతి. వాడు పలికిన వాక్యములన్నియు పాఠశాలలో వల్లించినవే. అనగా అర్థరహితమైన వాక్యములను పాఠశాల సమకూర్చినది. వానిని ఎట్లు వినియోగించుకొనవలెనో గిరీశము చూపినాడు. ఈ ఇరువురు ఉపాధ్యాయులలో అప్పారావుగారు ఎవరిని ఎక్కువగా పరిహసించిరో నిర్ణయించుట సులభము కాదు. ఆయనయు విజయనగరము మహారాజా కళాశాలలో అధ్యాపకత్వము నెరపినవారే గదా!

చూచి నేర్చుకొనుటయను విషయమునుగూర్చి ప్రాచీనులు ఎరుగని దేమియు లేదు. నాట్యము లోకవృత్తమునకు అనుకరణమని భరతుడు చెప్పినాడు. మానవుడు తొలిపాఠములను అనుకరణమువలననే నేర్చునని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రమున నాలుగవ ప్రకరణమున వ్రాసినాడు. శ్రేష్ఠుడు నడచిన త్రోవను లోకము నడచునని భగవద్గీత తృతీయాధ్యాయము బోధించుచున్నది. అయితే శ్రేష్ఠుడెవ్వడను ప్రశ్న మిగిలియున్నది. కన్యాశుల్క ప్రథమ ముద్రణమునకు ఏడేండ్లు ముందుగా, 1890లో, గాబ్రియేల్ తార్ద్ అను ఫ్రెంచి పండితుడు అనుకరణ నియమములనుగూర్చి గ్రంథము ప్రకటించి, అనుకరణము సాధారణముగా గౌరవము గలవానినుండి గౌరవము లేనివానివైపు ప్రవహించునని వాదించెను. అప్పారావుగారు ఆ గ్రంథమును చూచిరని చెప్పుట నా ఉద్దేశము కాదు. కాని నాటకమున ఈ ప్రవాహము స్పష్టముగా కనబడుచున్నది. అగ్నిహోత్రావధానులు వేదము చదివిన గృహస్థు, కుటుంబమునకు యజమానుడు. ధర్మశాస్త్రము ననుసరించి బాలునకు ఆదర్శము కావలసినవాడు ఆయనయే. వేంకటేశమునకు ఆయనలో కనబడునది దెబ్బ మాత్రమే. ఇంగ్లీషు వచ్చినవాడు, ఉపన్యసింపగలవాడు, ఎంతవారినైనను మాటతో తిప్పగలవాడు గిరీశము. కాలము గౌరవపీఠమును ఒకచోటినుండి మరియొకచోటికి మార్చినపుడు బాలుని చూపు దానివెంటనే పోవును.

గిరీశమే స్వయముగా అనుకర్త యనుట ఇచ్చట మరువరాదు. పూనా దక్కను కళాశాలలో మూడు గంటలు ఏకధాటిగా ఉపన్యసించి ఆచార్యులను నివ్వెరపరచితినని ఆతని ప్రగల్భము. దేశమును కదలించిన ఉపన్యాసవేదికల రూపమును, కంఠమును, పదజాలమును ఆతడు దూరమునుండి చూచి పట్టుకొన్నాడు. ఆ వేదికలపై నిలిచినవారి ప్రయాస మాత్రము పట్టుబడలేదు. వేంకటేశము కావున అనుకరణమునకు అనుకరణము. ప్రతికి ప్రతి వ్రాసినపుడు లేఖకదోషములు పెరుగునని తాళపత్ర పరిష్కర్తలకు తెలియును.

ఇప్పుడు కొంచెము మనశ్శాస్త్రమును స్మరింపవలసి యున్నది. అమెరికాలో స్టాన్ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ బండూరా, డొరోతియా రాస్, షీలా రాస్ అనువారు 1961లో ప్రకటించిన ప్రయోగము సుప్రసిద్ధము. శిశుపాఠశాలకు చెందిన 72 మంది పిల్లలలో కొందరి యెదుట ఒక పెద్ద మనిషి గాలి నింపిన బొమ్మను కొట్టి, తన్ని, పరుషముగా మాటలాడెను. మరికొందరి యెదుట ఆ పెద్ద మనిషి శాంతముగా ఆడుకొనెను. కొందరకు ఏమియు చూపలేదు. పిదప ఆ పెద్ద మనిషి లేనిచోట విడిచినపుడు, కొట్టుట చూచిన పిల్లలు ఆ దెబ్బలనే, ఆ మాటలనే తిరిగి ప్రయోగించిరి. ఎవ్వరును వారికి బోధింపలేదు, బహుమానమీయలేదు. 1965లో బండూరా 66 మంది పిల్లలకు చలనచిత్రమును చూపి మరియొక ప్రయోగము చేసెను. ఒక చిత్రమున కొట్టినవానికి సత్కారము, మరియొకదానిలో దండనము, మూడవదానిలో ఏదియు లేదు. దండనము చూచిన పిల్లలు తక్కువగా అనుకరించిరి. ఇంతవరకు లోకమెరిగినదే. కాని చూచినది చేసి చూపినచో బహుమాన మిత్తుమనగానే మూడు వర్గములవారును సమానముగా చేసి చూపిరి. దండనము ఆచరణమును అణచినదే గాని నేర్చుకొనుటను ఆపలేదన్నమాట. నేర్చుట వేరు, చేయుట వేరు. ఈ భేదమును చేతబట్టుకొని కన్యాశుల్కమును మరల చదివినచో కొన్ని ఘట్టములు క్రొత్తగా వెలుగును.

అగ్నిహోత్రావధానుల దంపతులు కుమారుని చదువునుగూర్చి కలహించు ఘట్టము అట్టిది. ఇంగ్లీషు చదువు తమ వంశమునకు అచ్చిరాలేదని అవధానులుగారి సిద్ధాంతము. అన్న దిబ్బావధానులు కుమారుని చదువునకై పార్వతీపురమున బస పెట్టినంతనే ఆ బాలుడు జ్వరముతో మూడు దినములలో పోయెనని ఆయన నిదర్శనము. వేంకమ్మ దీనికి తర్కముతో బదులు చెప్పదు. తమ కన్నులయెదుటనే తమ గ్రామమున నేమానివారి పిల్లవానికి మునసబు పదవి వచ్చినది గదా యని ఆమె నిదర్శనము. ఇరువురును పరుల గతిని చూచి నేర్చినవారే. ఒకరు నష్టమును చూచిరి, ఒకరు లాభమును చూచిరి. చదువు ఏమి, అందులో ఉన్నదేమి అను విచారము ఇరువురకును లేదు. కారణకార్యసంబంధమును పరీక్షింపక ఫలమును మాత్రమే చూచి నేర్చుకొనుటలోని ప్రమాదమును ఇంతకంటె క్లుప్తముగా చెప్పిన ఘట్టము తెలుగు నాటకములలో నేనెరుగను.

ఇంతకంటె దారుణమైన ఉదాహరణము కథామూలముననే కలదు. అవధానులుగారు పెద్ద కుమార్తె బుచ్చమ్మను శుల్కము గొని వివాహము చేసిరి. ఆమె విధవయై పుట్టినింటనే యున్నది. ప్రతిదినము కన్నులయెదుట తిరుగు ఈ నిదర్శనమును చూచుచునే ఆయన రెండవ కుమార్తె సుబ్బిని లుబ్ధావధానులకు ఇచ్చుటకు నిశ్చయించిరి. ఈయన చూచి నేర్వలేదేల? మూర్ఖుడని, కోపిష్ఠియని, ధనాశాపరుడని సమాధానము చెప్పి ఊరకుండవచ్చును. నాకు అది చాలదు. అవధానులుగారు నేర్చినారు, తన లెక్కలో సరిగానే నేర్చినారు. బుచ్చమ్మ వివాహమున ధనము చేరినది తనకు, దుఃఖము చేరినది ఆమెకు. ఎవరికి ఏది సంక్రమించినదో చూచి నేర్చుకొనునపుడు తనకు సంక్రమించిన భాగమునే మనుష్యుడు పాఠముగా గ్రహించును. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో 1034 శుల్కవివాహములు జరిగినట్లు విజయనగర మహారాజావారు సేకరింపించిన పట్టికను అప్పారావుగారు ప్రథమ ముద్రణ పీఠికలో పేర్కొనిరి. ఇంత విస్తృతమైన ఆచారము శాస్త్రవాక్యముచే వ్యాపింపలేదు. శాస్త్రము దానిని నిషేధించుచునే యున్నది. ఇరుగింటివాడు పుచ్చుకొన్న రూపాయలు పొరుగింటివానికి కనబడినవి. ఇరుగింటి పిల్ల కన్నీరు గోడ దాటి రాలేదు.

వేంకటేశమునకు సాటిగా నాటకమున మరియొక శిష్యుడున్నాడు. కరటకశాస్త్రులవెంట తిరుగు ఈ బాలుడు నాటకములందు స్త్రీవేషము ధరించువాడు. సుబ్బి వివాహము తప్పించుటకై ఆడపిల్ల వేషమున లుబ్ధావధానులకు భార్యగా పోవుట ఈతని వంతు. విమర్శకులు ఈతనిని కథ నడచుటకు అవసరమైన పనిముట్టుగా విడిచినారు. వేంకటేశము ప్రక్కన నిలిపి చూడుడు. ఇరువురును చూచి నేర్చినవారే. వేషధారి ఆడపిల్ల నడకను, సిగ్గును, ఏడుపును లోకమున చూచి సంపాదించినాడు. రామచంద్రపుర అగ్రహారమున ఇంటినిండ జనమున్నను పట్టుబడలేదు. కాని తాను చేయుచున్నది వేషమని ఈతనికి తెలియును. పని ముగిసినపుడు చీర విడిచి పారిపోగలడు. వేంకటేశమునకు తన వేషము వేషమని తెలియదు. గిరీశముయొక్క నడక వాని నడకయైనది. విడుచుటకు అది చీర కాదు. అనుకరణమును కళగా నేర్చినవానికిని, అనుకరణములో తడిసినవానికిని గల ఈ దూరమే ఇరువురు శిష్యులను ఒకే నాటకమున పెట్టుటలోని ఔచిత్యమని నేను తలచుచున్నాను. ఒకనికి గురువు పని ఇది, ఫలమిది అని ముందే చెప్పి ఒప్పందము చేసికొన్నాడు. మరియొకని గురువు ఉద్ధారకుని మొగము పెట్టుకొని వచ్చినాడు. మోసము చేయుటకై వెళ్లిన గురుశిష్యులమధ్య మోసము లేకుండుట, విద్య చెప్పుటకై వెళ్లిన గురుశిష్యులమధ్య అదియే యుండుట గమనింపదగినది.

చూచువాని మనస్సు ననుసరించి పాఠము మారునను విషయమున భాగవత ఏకాదశస్కంధమునందలి అవధూత ఉపాఖ్యానము తలపునకు వచ్చును. యదురాజునకు అవధూత ఇరువదినలుగురు గురువులను పేర్కొనినాడు. వారిలో ఎవ్వరును ఆతనికి బోధింపలేదు; ఆతడు చూచి గ్రహించినాడు. ఇంటికి వచ్చిన అతిథులకై ధాన్యము దంచుచున్న కన్య తన గాజుల చప్పుడు వినబడకుండుటకై ఒక్కొక్కటిగా తీసివేసి చేతికొక్కటి మాత్రమే ఉంచుకొనెను. ఆమె ఉద్దేశము ఇంటి పేదరికమును కప్పిపుచ్చుట. అవధూత గ్రహించినది ఏకాంతవాసముయొక్క గుణము. చేసినవారి అభిప్రాయమొకటి, చూచినవాని పాఠమొకటి. ముందే వివేకము గలవానికి లోకమంతయు గురువగును. వివేకమింకను మొలకెత్తని బాలునకు ఆ స్వాతంత్ర్యము లేదు. ఎదుట ఎవడు మిరుమిట్లు గొలుపునో వాడే గురువు. అవధూత గురువులలో పింగళయను వేశ్యయు కలదు. పింగళనుండి మధురవాణికి వంతెన కట్టుట సులభమే గాని ఆ పని ఇచ్చట అప్రస్తుతము.

మధురవాణిని వేరొక కారణముచే స్మరింపవలెను. ఇంతవరకు నేను చెప్పినదానికి ఆమె లొంగదు. చెడనివారిని చెడగొట్టరాదను నియమమును తల్లి తనకు చెప్పినదని ఆమె సౌజన్యారావుపంతులుగారి యెదుట పలుకును. ఆ నియమమును పాటించి చూపును. ఇది నోటిమాటగా వచ్చిన బోధ, చెవితో విన్న పాఠము. చుట్టును గిరీశములు, రామప్పపంతుళ్లు తిరుగుచుండగా, వారి నడవడిని ప్రతిదినము చూచుచుండియు, ఆమె ఆ ఒక్క మాటను పోగొట్టుకొనలేదు. మాటచే నేర్పుట వ్యర్థమను సిద్ధాంతమును అప్పారావుగారికి అంటగట్టదలచినవారు ఇచ్చట ఆగవలసియుండును. ఆ తల్లిని నాటకకర్త మనకు చూపలేదు. ఆమె నడవడికిని మాటకును పొత్తు ఎట్లుండెనో తెలిసికొనుటకు వీలు లేదు. అయినను ఒక భేదమును చెప్పవచ్చును. అగ్రహారమున వినవచ్చు ధర్మపన్నములన్నియు చెప్పినవానికి ఖర్చు లేనివి. మధురవాణి తల్లి చెప్పిన నియమము ఆ వృత్తిలో నున్నవారికి ఆదాయము తగ్గించునది. ఖర్చుతో కూడిన మాట నడవడివంటిదే. అందుచేతనే నిలిచెనేమో.

బుచ్చమ్మ విషయమున గిరీశము వాడిన ఉపాయము ఈ దృష్టితో చూచినపుడు మిక్కిలి నేర్పైనది. ఆమెకు నేరుగా చెప్పదలచినది ఆతడు వేంకటేశమునకు పాఠముగా చెప్పును. ఆమె పక్కనుండి వినును, చూచును. తనకై చెప్పిన మాటను శంకించుట మనుష్య స్వభావము. పరునకు చెప్పుచుండగా తాను విన్న మాట తానే సంపాదించుకొన్నట్లుండును. తమ్ముడు తలయూచుచుండగా అక్కకు నమ్మకము కుదురును. వేంకటేశము ఇచ్చట శిష్యుడు కాడు, ఎర. ఆ సంగతి వానికి ఎంతవరకు తెలిసెనో నాటకమున స్పష్టము కాదు.

ఇక తుది ఘట్టము. విశాఖపట్టణమున సౌజన్యారావుపంతులుగారి యింట మధురవాణి ఎదుటపడుటతో గిరీశముయొక్క బండారము బయటపడును. వితంతూద్వాహము చెడును. బుచ్చమ్మ పూనాలోని వితంతుశరణాలయమునకు పోవలెననియు, గిరీశము చదువు పూర్తిచేసికొనవలెననియు పంతులుగారి తీర్పు. మమ్మటాదులు చెప్పిన కావ్యప్రయోజనము—రాముని నడవడి గ్రాహ్యము, రావణుని నడవడి త్యాజ్యమను పాఠము—ఇచ్చట సిద్ధించినదని సంప్రదాయవాదులు సంతోషింపవచ్చును. కాని ఆ గదిలో ఎవరున్నారో చూడుడు. వేంకటేశము లేడు. వాడు గిరీశముయొక్క విజయములన్నింటికిని సాక్షి: తల్లిని మెప్పించుట చూచినాడు, వ్యాజ్యపు కాగితములు ఉచితముగా తర్జుమా చేయుదునను ఆశ చూపి తండ్రిని లోబరచుకొనుట చూచినాడు. దండన సమయమున మాత్రము వాడు రంగమున లేడు. వాని బడిలో గురువు ఓడిపోలేదు. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మజాలను; ఒక్క ప్రవేశముతో వేంకటేశమును ఆ గదిలోనికి తెచ్చుట అప్పారావుగారికి కష్టము కాదు.

అట్లైన దండనము ఎవరికై? ప్రేక్షకునికై అనవలెను. సంఘసంస్కరణము ఈ రచనకు ఉద్దేశమని అప్పారావుగారే ప్రథమ ముద్రణ పీఠికలో చెప్పుకొనిరి. 1892లో విజయనగరమున మొదటి ప్రదర్శనము జరిగినది మొదలు ఎన్ని తరములవారు ఈ నాటకమును చూచిరో! ఆ ప్రేక్షకులు ఏమి నేర్చిరి? శుల్కవివాహములు అంతరించినవి, దానికి కారణములు పెక్కు, నాటకమునకు వాటిలో ఎంత వంతో తూచుటకు త్రాసు లేదు. కంటికి కనబడు ఫలము వేరొకటి కలదు. గిరీశముయొక్క తుదిమాట తెలుగునాట లోకోక్తియైనది. నాటకము చదువనివాడును దానిని వాడును. ఆతని సంబోధనలు, ఆతని ఇంగ్లీషు తునకలు కళాశాల వసతిగృహములలో తరతరములుగా తిరుగుచున్నవి. 1955లో ఈ నాటకము చలనచిత్రమైనపుడు గిరీశపాత్రను ధరించినది నందమూరి తారకరామారావు. అనగా ప్రజలు ఎవరిని చూచుటకై వచ్చుదురో వారికే ఆ పాత్ర దక్కినది. సౌజన్యారావుపంతులుగారి మాట ఒక్కటియైనను ఎవ్వరి నోటనైనను పలుకుబడిగా నిలిచినదా? 1965 నాటి ప్రయోగములోని పిల్లలవలెనే ప్రేక్షకులు దండనమును చూచిరి, పనిని కూడ నేర్చిరి.

దీనిని నాటకమునకు దోషముగా ఎంచువారున్నారు. దుష్టుని ఇంత మనోహరుని చేసిన రచన లోకమునకు హాని యని వారి ఆక్షేపణము. గిరీశము మనోహరుడు కాకపోయినచో వేంకటేశము అతనివెంట ఏల పోయెనో మనకు తెలిసియుండెడిది కాదు. వికారమైన దుష్టుని చూపి, ఇట్టివానిని అనుసరింపకుడని చెప్పు నాటకములు మనకు కొల్లలుగా నున్నవి. అట్టివాడు నిజముగా ఎదురైనపుడు అవి మనకు తోడ్పడవు, ఏలయనగా నిజమైనవాడు వికారముగా రాడు. ఆసనమున కూర్చుండి నవ్వుచున్న ప్రేక్షకుడు తనకు తెలియకయే వేంకటేశముయొక్క చోటునకు చేరుచున్నాడు. గిరీశముయొక్క మాటకు ముందుగా నవ్వి, పిదప ఆ మాటనే తానును పలుకును. నాటకకర్త ఈ అనుభవమును మనకు కలిగింపక, దానినిగూర్చి చెప్పి ఊరకుండినచో, అది మరియొక పాఠ్యపుస్తకమై యుండెడిది.

ఒక చిన్న విషయమును ఇంకను చూడవలసి యున్నది. గిరీశము తాను చదివితినని చెప్పుకొను పట్టణము పూనా. బుచ్చమ్మను పంపదలచిన పట్టణమును పూనాయే. కర్వేగారు పూనాలో వితంతుశరణాలయమును స్థాపించినది 1896లో, అనగా ప్రథమ ముద్రణమునకు ఒక్క సంవత్సరము ముందు. గిరీశముయొక్క పూనా మాటలలోనిది. ఆ పేరును వేంకటేశము ఎన్నిమారులు వినియుండునో. ఆ కుటుంబమున పూనాకు నిజముగా పోవలసినది వాని అక్క. అచ్చట ఆమె ఎవరిని చూచును, ఎవరివలె నడచును, వంటయింటినుండి తమ్ముని పాఠములను పొంచి విన్న ఆ చెవులతో ఏమి వినును? నాటకము అక్కడికి పోలేదు. గిరీశముయొక్క తుదిమాటకు తెర పడినది.